ఎఫ్.ఇ.ఆర్. వచ్చిందంటే పేటెంటు పోయినట్టేనా?

ప్రశ్న: మాది విజయవాడ ఆటోనగర్. నేనూ నా మిత్రుడూ కలిసి ఎలక్ట్రిక్ ఆటోలకు పవర్ యూనిట్లు తయారు చేసే చిన్న స్టార్టప్ నడుపుతున్నాం. మామూలుగా ఆటోలో 230 వోల్టుల కరెంటుతో బ్యాటరీ నింపే ఛార్జరు ఒకటి, 51.2 వోల్టుల బ్యాటరీ నుంచి లైట్లకు, హారన్‌కు 12 వోల్టులు తీసే కన్వర్టరు ఒకటి విడివిడిగా ఉంటాయి. మేము రెండింటినీ మూడు వైండింగుల ట్రాన్స్‌ఫార్మరు ఒక్కదాని మీదే నడిపేలా ఒకే పెట్టెలో ఇమిడ్చాం. చెన్నై పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాం. రెండు నెలల కిందట ఎఫ్.ఇ.ఆర్. వచ్చింది. ఒక అమెరికా పేటెంటు, ఒక చైనా పేటెంటు చూపించి మా దాంట్లో ఇన్వెంటివ్ స్టెప్ (ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టని ముందడుగు) లేదన్నారు. పైగా మొత్తం యూనిట్‌కు పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్), కంట్రోల్ పద్ధతికి 3(కె) అడ్డు చెప్పారు. ఈ మధ్య స్విచ్చుల వేడిని బట్టి ఫ్రీక్వెన్సీ మారే ఏర్పాటు చేశాం. దాన్ని క్లెయిముల్లో (మా హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాల్లో) కలిపేస్తే గట్టెక్కుతామని తెలిసినవాళ్లు అంటున్నారు. ఆ కొత్త మోడల్‌ను నాలుగు నెలలుగా రెండు ఆటోల్లో బిగించి తిప్పుతున్నాం, యూట్యూబ్‌లో చిన్న వీడియో కూడా పెట్టాం. బ్యాటరీ ప్యాకుతో కలిపి ఏఐఎస్-156 భద్రతా పరీక్ష నెగ్గాం. ఆ సర్టిఫికెట్ చూపిస్తే చాలదా? అసలు ఇది తిరస్కరణేనా?

జవాబు: కాదు. ఎఫ్.ఇ.ఆర్. అంటే ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్టు. మీ దరఖాస్తు చదివిన ఎగ్జామినర్ ప్రపంచంలో అంతకుముందు వచ్చినవాటితో పోల్చి అడిగిన ప్రశ్నల చిట్టా అది. ఒక్క అభ్యంతరమూ లేకుండా వచ్చిన రిపోర్టును నేను చూసిన సందర్భాలు చాలా తక్కువ. తిరస్కరించేది పేటెంట్ ఆఫీసులో నిర్ణయం తీసుకునే అధికారి, అంటే కంట్రోలర్, సెక్షన్ 15 కింద, అదీ మీ మాట విన్న తరవాతే.

భయపడాల్సింది గడువు గురించి. రిపోర్టు మీద ఉన్న తేదీ నుంచి ఆరు నెలల్లో జవాబు వెళ్లాలి. మీరు ఈమెయిల్ తెరిచిన రోజు నుంచి కాదు. వెళ్లకపోతే సెక్షన్ 21 ప్రకారం దరఖాస్తును మీరే వదిలేసుకున్నట్టు లెక్క. మీకింకా నాలుగు నెలలుంది. చాలదనిపిస్తే ఆరు నెలలు ముగియకముందే ఫారం 4 పెట్టి, రుసుము కట్టి, మరో మూడు నెలలు తెచ్చుకోవచ్చు.

ఇక మీ తెలిసినవాళ్ల సలహా. వేడిని బట్టి ఫ్రీక్వెన్సీ మార్చే సంగతిని ఈ దరఖాస్తులో కలపడం కుదరదు. మీరు పంపిన స్పెసిఫికేషన్ (దరఖాస్తుతో ఇచ్చిన ఆవిష్కరణ వివరణ) రెండుసార్లు చదివాను, ఉష్ణోగ్రత అన్న మాటే అందులో లేదు. సెక్షన్ 59 ప్రకారం సవరణ ఏదైనా మొదట రాసి ఇచ్చినదాని లోపలే ఉండాలి, సవరించిన క్లెయిము పాత క్లెయిము పరిధి దాటకూడదు. రిజిస్ట్రేషన్ అయిన దస్తావేజులో తూర్పు హద్దు జరిపి పక్కవాడి సెంటు స్థలం కలిపి రాసుకుంటామంటే సబ్ రిజిస్ట్రార్ ఒప్పుకుంటాడా? మన హద్దు మనం లోపలికి జరుపుకుంటామంటే మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు. క్లెయిములూ అంతే.

మరి హద్దు ఎక్కడికి జరపాలి? మీ కేసు నిలిచేదీ పడేదీ ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

మీ ఒకటో క్లెయిము చాలా వెడల్పుగా ఉంది. ఛార్జింగ్ వైపు ఒక బ్రిడ్జి (స్విచ్చుల అమరిక), బ్యాటరీ వైపు ఒక బ్రిడ్జి, 12 వోల్టుల వైపు మరొకటి, మధ్యలో మూడు వైండింగుల ట్రాన్స్‌ఫార్మరు, ఒక కంట్రోలరు. ఎగ్జామినర్ చూపిన రెండు పాత పేటెంట్లను రిపోర్టులో డి1, డి2 అన్నారు. డి1 డ్యూయల్ యాక్టివ్ బ్రిడ్జి కుటుంబానికి చెందినది. ట్రాన్స్‌ఫార్మరుకు రెండు వైపులా స్విచ్చుల బ్రిడ్జి పెట్టి, రెంటి మధ్య ఫేజ్ తేడాతో కరెంటును ఇటూ అటూ పంపే ఆ పద్ధతికి అమెరికాలో 1991లోనే పేటెంటు వచ్చింది. డి2లో మూడో వైండింగు ఉంది. రెండూ పక్కపక్కన పెడితే మీ ఒకటో క్లెయిము దాదాపుగా కనబడుతుంది. ఎగ్జామినర్ కోపంతో రాసింది కాదు, చదివే రాశాడు. మన దేశంలో ఎవరూ చేయలేదు కదా అని చాలామంది అంటుంటారు. ముందే ప్రచురితమైనది ఏ దేశంలోదైనా మీకు అడ్డే. ఛార్జరునూ మోటారు డ్రైవునూ కలిపేసి, మోటారు వైండింగులనే ఛార్జింగుకు వాడుకునే ఏర్పాటుకు అలన్ కోకోని అమెరికాలో 1994లోనే పేటెంటు తీసుకున్నాడు. పరికరాలు కలిపేసి భాగాలు తగ్గించాలన్న ఆలోచన ఒక్కటీ కొత్తది కాదన్నమాట.

సెక్షన్ 2(1)(జేఏ) ఏం అడుగుతుందంటే, ఉన్న జ్ఞానంతో పోలిస్తే సాంకేతికంగా ఒక అడుగు ముందుకు పడాలి, లేదా ఆర్థిక ప్రాధాన్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. ఆ పైన, ఆ పని తెలిసిన మనిషికి అది ఇట్టే తట్టేది కాకూడదు. చవకగా తయారవుతుందన్న ఒక్క మాటతో గట్టెక్కలేరు. విశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో 1978లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. అదీ లేతు మిషను గొడవే, మీ ఆటోనగర్ వాళ్లకు బాగా అర్థమవుతుంది. మీర్జాపూర్‌లో పాత్రలు లేతు మీద తిప్పేటప్పుడు కదలకుండా పట్టి ఉంచే ఒక ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నారు. పనిమంతుడైన మేస్త్రి ఎవరైనా షెడ్డులో చేసుకునే మెరుగుదలను మించి ఉంటే తప్ప పేటెంటు నిలవదని చెప్పి కోర్టు దాన్ని కొట్టేసింది. తెలిసిన భాగాలనే కలిపినా కొత్త ఫలితమో, మెరుగైన వస్తువో, చవకైన వస్తువో రావాలన్నది కూడా అందులోని మాటే. అయితే ఆ కలపడం మేస్త్రికి తట్టేది కాకూడదు.

అంత ఫలితం మీ దగ్గర ఉందా? ఉంది. కానీ దాన్ని మీరు క్లెయిములో పెట్టకుండా వర్ణనలో పదకొండో పేజీలో పడేశారు. ఒకే కోర్ మీద మూడు వైండింగులుంటే ఒకదాని లోడు మారినప్పుడు ఇంకోదాని కరెంటు ఊగుతుంది. ఛార్జింగులో ఉండగా హెడ్‌లైటు వేస్తే బ్యాటరీకి వెళ్లే కరెంటు అదురుతుందన్నమాట. దానికి మీరు 12 వోల్టుల వైండింగును కోర్ మీద వేరే చోట, ఛార్జింగు వైండింగుకు దూరంగా చుట్టి, ఆ రెంటి మధ్య లీకేజీ ఇండక్టెన్సు (ఒక వైండింగు అయస్కాంత ప్రవాహంలో రెండోదానికి అందని భాగం వల్ల వచ్చేది) కావాలని ఎక్కువ ఉంచారు. సాధారణంగా డిజైనర్లు మూడు వైండింగులనూ దగ్గరగానే చుట్టాలని చూస్తారు, డి2లోనూ అలాగే ఉంది. డి2 చదివిన మనిషి మీరు వెళ్లిన దారికి ఎదురు దారిలో వెళ్తాడు. మీ వాదనకు ఇంతకంటే బలమైనది నాకు కనబడలేదు. ఆ వైండింగు అమరికను, మీరు పట్టికలో ఇచ్చిన లీకేజీ నిష్పత్తుల హద్దులను ఒకటో క్లెయిములోకి తెండి. మొదటి రోజే రాసి ఉంది కాబట్టి సెక్షన్ 59 అడ్డం రాదు. దగ్గరగా చుట్టినప్పుడు, దూరంగా చుట్టినప్పుడు హెడ్‌లైటు వేస్తే ఛార్జింగు కరెంటు ఎంత ఊగిందో ఆసిల్లోస్కోపు (కరెంటు ఊగే తీరును తెర మీద గీసి చూపే పరికరం) చిత్రాలు తీసి, ప్రమాణపత్రంతో జతచేయండి. స్పెసిఫికేషన్‌లో చెప్పిన ఫలితాన్ని రుజువు చేయడానికి కొలతలు తరవాత ఇచ్చినా పరిశీలిస్తారు.

ఇలా రాసుకుంటే 3(ఎఫ్) అభ్యంతరం కూడా సగం కరిగిపోతుంది. ఆ సెక్షన్ అడ్డుకునేది తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చి, దేని పని అది పాత పద్ధతిలోనే చేసుకుపోతున్నప్పుడు. గొడుగుకు టార్చిలైటు కట్టినట్టు. మీ ఛార్జరూ కన్వర్టరూ ఒకే అయస్కాంత ప్రవాహాన్ని పంచుకుంటున్నాయి, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడకుండా చేసిందే మీ ఆవిష్కరణ. వాటిని స్వతంత్రంగా పనిచేసేవి అనడానికి వీల్లేదని జవాబులో తెగేసి చెప్పండి.

అల్గారిథమ్‌లకు, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాములకు పేటెంటు ఇవ్వొద్దనే 3(కె) సంగతికొస్తే తప్పు మీ రాతలో ఉంది. తొమ్మిదో క్లెయిము చదివితే ఒక పట్టిక చూసి ఫేజ్ కోణం లెక్కగట్టే పద్ధతి మాత్రమే కనబడుతుంది. అది అచ్చంగా అల్గారిథమే. కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉన్నంత మాత్రాన ప్రతిదీ నిషిద్ధం కాదని, సాంకేతిక ప్రభావం ఉంటే చూడాలని 2019లో ఫరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కాబట్టి ఏ సెన్సారు ఏ కరెంటును కొలుస్తుంది, దాన్నిబట్టి ఏ బ్రిడ్జిలోని స్విచ్చుల గేట్లకు సంకేతం ఎప్పుడు వెళ్తుంది, దానివల్ల ట్రాన్స్‌ఫార్మరులో వృథాగా తిరిగే కరెంటు ఎలా తగ్గుతుంది అన్నది వరసగా రాయండి. మీ ఏడో బొమ్మలో ఇవన్నీ ఉన్నాయి. "తగిన విధంగా", "దాదాపుగా" లాంటి మాటలు క్లెయిముల్లోంచి తీసేయండి, ఆ చిన్న అభ్యంతరాలు వాటంతటవే పోతాయి.

కొత్త మోడల్‌కు వేరే దారి ఉంది. సెక్షన్ 54 కింద పేటెంట్ ఆఫ్ అడిషన్ అని, ప్రధాన ఆవిష్కరణకు చేసిన మెరుగుదల కోసం పెట్టే దరఖాస్తు. మామూలుగా విడి దరఖాస్తు పెడితే, ఇప్పటికే ప్రచురితమైన మీ మొదటి దరఖాస్తునే ఎగ్జామినర్ మీ మీదికి తెస్తాడు. మన పిల్లే మన కంట్లో గోకినట్టు. అడిషన్ అయితే ప్రధాన ఆవిష్కరణతో పోల్చి ఇన్వెంటివ్ స్టెప్ లేదని తిరస్కరించకూడదని సెక్షన్ 56 అంటుంది. కొత్తదనం మాత్రం ఉండాలి. దానికి వేరే వార్షిక రుసుములు కూడా ఉండవు. ప్రధాన పేటెంటు రాకముందు అది రాదు, గడువు కూడా ప్రధాన పేటెంటుతోనే తీరిపోతుంది. అందుకే దానికి ఫారం 18ఏ పెట్టి తొందరపెట్టినా పెద్ద లాభం లేదు. ప్రధాన దరఖాస్తు పోతే దీని కాళ్ల కింద నేలా పోతుంది, అప్పుడు విడి దరఖాస్తుగా మార్చమని అడగాలి.

ఆలస్యం చేయొద్దు. మీరు నాలుగు నెలలుగా రోడ్డు మీద తిప్పుతున్నారు. పరీక్ష కోసమే, బయట తిప్పితే తప్ప పరీక్ష కాని వస్తువైతే, దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు చేసిన ఆ బహిరంగ వాడకాన్ని సెక్షన్ 32 మన్నిస్తుంది. ఆ ఆటో డ్రైవర్ల దగ్గర డబ్బు తీసుకున్నారా? తీసుకుని ఉంటే పరీక్ష అన్న మాట బలహీనపడుతుంది. తీసుకోకపోతే, పరీక్ష కోసం బిగించినట్టు ఇద్దరితోనూ కాగితం రాయించుకోండి, అదీ జరిగినది జరిగినట్టుగానే, ఇవాళ్టి తేదీ వేసి. వీడియో మాటేమిటంటే, మీ లింకు తెరిచి చూశాను. మూత వేసిన పెట్టె, ఆటో, మీ మిత్రుడి నవ్వు తప్ప లోపలి సంగతి ఏమీ కనబడలేదు. చూసినవాడికి ఎలా చేయాలో తెలియకపోతే అది కొత్తదనాన్ని చెరపదు. అయినా మొదటి నిమిషంలో "వేడెక్కితే ఫ్రీక్వెన్సీ అదే మారుతుంది" అన్న మాట నాకు నచ్చలేదు, ఎదుటి లాయరుకు నచ్చుతుంది. దరఖాస్తు పెట్టేదాకా ఇంకో వీడియో వద్దు. ఎగ్జిబిషన్లలో చూపిస్తే ఏడాది వెసులుబాటు ఉందంటారు గానీ, అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకే.

ఏఐఎస్-156 సర్టిఫికెట్ బ్యాటరీ భద్రతకు సంబంధించినది. మంటలు రావని చెబుతుంది, కొత్తదని చెప్పదు. ఫైలులో పెట్టకండి, ఎగ్జామినర్‌కు దానితో పని లేదు.

జవాబు ఇచ్చాక అభ్యంతరం మిగిలితే సెక్షన్ 14 కింద విచారణ ఉంటుంది, ఈ రోజుల్లో వీడియో కాన్ఫరెన్స్‌లోనే. విచారణ అయిన పదిహేను రోజుల్లో లిఖితపూర్వక వాదన దాఖలు చేయాలి. ట్రాన్స్‌ఫార్మరు చుట్టిన మీ మిత్రుడు పక్కన కూర్చోవడం మంచిది. వైండింగు దూరం ఎందుకు పెంచారో అతను రెండు నిమిషాల్లో చెప్పినది నేను ఇరవై పేజీల్లో చెప్పలేను. అప్పటికీ తిరస్కరిస్తే మూడు నెలల్లో సెక్షన్ 117ఏ కింద హైకోర్టుకు అప్పీలు. ఏపీ, తెలంగాణ దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోవి గనక మద్రాసు హైకోర్టుకే వెళ్లాలి. దరఖాస్తు ఏ ఆఫీసుదో అప్పీలు అక్కడి హైకోర్టుకే అని 2022లో డాక్టర్ రెడ్డీస్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

జవాబు రాయడం రిజిస్టర్డ్ పేటెంట్ ఏజెంటు పని. నాలాంటి అడ్వకేటు విచారణలో వాదించగలడు గానీ, ఏజెంటుగా నమోదు కాకపోతే క్లెయిములు తిరగరాయించడానికి అతని దగ్గరికి వెళ్లకండి. గుర్తింపు పొందిన స్టార్టప్ అయితే స్టార్టప్‌ల మేధోసంపత్తి రక్షణకు పెట్టిన ఎస్.ఐ.పి.పి. పథకం కింద ఫెసిలిటేటరు (ఆ పథకంలో నమోదై మీకు సాయపడే ఏజెంటు) ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది, కనుక్కోండి.

మరొకటి, దీనికి నాలుగు నెలలు లేవు. ఇదే ఆవిష్కరణకు విదేశాల్లో ఎక్కడైనా దరఖాస్తు పెట్టి ఉంటే, 2024 సవరణ నిబంధనల ప్రకారం రిపోర్టు వెలువడిన మూడు నెలల్లో, ఆ విదేశీ దరఖాస్తుల వివరాలు చెప్పే ఫారం 3 మళ్లీ ఇవ్వాలి. మీకు అందులో మిగిలింది నెల రోజులే. ముందు ఆ ఫారం నింపి పంపండి, తరవాత ఆసిల్లోస్కోపు దగ్గరికి వెళ్లండి.