వాడి పేరేమిటి?

ప్రియమైన తమ్ముడికి,

నీ నవల మొదటి పది అధ్యాయాలూ చదివాను. రెజ్లింగ్ మీద రాస్తున్నానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడే నాకు సంతోషం వేసింది. రింగ్‌లో జరిగేదంతా ముందే అనుకున్నదని తెలిసి కూడా వేలమంది గొంతు చించుకుని అరుస్తారు. కథ రాసేవాడు నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలీదు.

ఎనిమిదో అధ్యాయం దగ్గర మాత్రం ఆగిపోయాను. శత్రుదేశం వాడొకడు జెండా ఊపుకుంటూ వస్తాడు. మైకు అందుకుని హీరో దేశాన్ని తిడతాడు. జనం మండిపోతారు. మూడు పేజీలు తిరిగేసరికి హీరో వాణ్ణి మట్టి కరిపిస్తాడు. చదవడానికి జోరుగానే ఉంది. కానీ ఆ మూడు పేజీల్లో వాడికి పేరు కూడా లేదు. 'ఆ విదేశీయుడు' అని పదకొండు సార్లు రాశావు, లెక్కపెట్టాను. ఈ ఉత్తరం దాని గురించే. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ఈ పద్ధతి చాలా పాతది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికా రింగుల్లో జర్మన్ విలన్లు వరసగా పుట్టుకొచ్చారు. హాన్స్ ష్మిట్ అసలు కెనడా మనిషి. ఫ్రిట్జ్ వాన్ ఎరిక్‌ది టెక్సస్. బారన్ వాన్ రాష్కేది నెబ్రాస్కా. జనానికి కోపం సిద్ధంగా ఉంది, దాన్ని తగిలించడానికి ఒక కొక్కెం కావాలి, అంతే.

జపాన్‌లో ఇదే కథ తిరగేసి ఆడారు. 1954 ఫిబ్రవరిలో రికిడోజాన్ అనే వస్తాదు, షార్ప్ బ్రదర్స్ అనే ఇద్దరు భారీ 'అమెరికన్ల'తో తలపడ్డాడు. యుద్ధంలో ఓడిపోయి అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఇళ్లలో టీవీలు దాదాపు లేవు, వీధుల్లో పెట్టిన టీవీల ముందు జనం కిక్కిరిసి నిలబడ్డారు. తమవాడు అరచేతి అంచుతో కొడుతుంటే అంతెత్తు తెల్లవాళ్లు వెనక్కి తూలిపోవడం చూసి ఊగిపోయారు. ఆ షార్ప్ సోదరులు కెనడావాళ్లు. రికిడోజాన్ కొరియాలో పుట్టినవాడు, ఆ సంగతి జపాన్‌లో చాలామందికి తెలియకుండానే 1963లో చనిపోయాడు. దేశం మొత్తం తన గాయానికి మందు రాసుకున్న ఆటలో కొట్టిన హీరో జపాన్‌లో పుట్టినవాడు కాదు, దెబ్బలు తిన్నవాళ్లు అమెరికన్లూ కాదు. నాకు ఎప్పుడు తలుచుకున్నా గుండె బరువెక్కేది జనం గురించి కాదు, రికిడోజాన్ గురించి. తను ఎక్కడ పుట్టాడో చెప్పుకోలేని మనిషి ఇంకో దేశం పరువుని భుజాన మోశాడు. అసలు నవల అక్కడుంది తమ్ముడూ.

ఇప్పుడు 1984 జనవరి 23. న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్. నువ్వు ఆ వీడియో చూసే ఉంటావు, ఇంకోసారి నెమ్మదిగా చూడు. ఛాంపియన్ ఐరన్ షేక్, ఇరాన్ మనిషి. టెహ్రాన్‌లో అమెరికన్లని 444 రోజులు బందీలుగా పెట్టిన వ్యవహారం ముగిసి అప్పటికి మూడేళ్లు. అంతకు నెల ముందే, డిసెంబర్ 26న, షేక్ ఇదే హాల్లో బాబ్ బ్యాక్‌లండ్‌కి క్యామెల్ క్లచ్ పట్టు వేసి బెల్టు గెలుచుకున్నాడు. ఎదుటివాణ్ణి బోర్లా పడేసి, నడుం మీద కూర్చుని, గడ్డం కింద చేతులు వేసి తలని వెనక్కి లాగే పట్టు అది. ఇప్పుడు హల్క్ హోగన్ మీద అదే పట్టు వేశాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. హోగన్ మెల్లగా మోకాళ్ల మీదికి వచ్చాడు, షేక్‌ని వీపు మీద మోస్తూనే లేచి నిలబడ్డాడు, వెనక్కి నడిచి మూలనున్న టర్న్‌బకిల్‌కేసి గుద్దాడు. ఆ తర్వాత ఒక లెగ్ డ్రాప్, అంటే ఎగిరి కాలు అతని మీద పడేలా కూలబడటం. రిఫరీ మూడు లెక్కపెట్టాడు, ఆట ముగిసింది. మ్యాచ్ మొత్తం ఆరు నిమిషాలు కూడా లేదు. ఆ పోటీలు నడిపే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) అనే కంపెనీ భవిష్యత్తు మారిపోయింది.

నువ్వు హోగన్ వెన్నెముక వైపు చూశావు. నేను పైనున్నవాడి గురించి చెబుతాను. షేక్ అసలు పేరు హొస్సేన్ ఖోస్రో అలీ వజీరి. ఇరాన్‌లో నిజం కుస్తీ నేర్చినవాడు. అమెరికాకి వలస వచ్చి, ఆ దేశపు ఒలింపిక్ జట్టుకి సహాయ కోచ్‌గా కూడా పనిచేశాడు. కన్నదేశం వదిలి తను ఎంచుకున్న దేశంలోనే రాత్రి తర్వాత రాత్రి ఆ దేశం పేరు చెప్పి ఉమ్మేవాడు, అదే కూలి. అతని జోడీ నికొలాయ్ వోల్కాఫ్, మ్యాచ్‌కి ముందు నిలబడి సోవియట్ జాతీయగీతం పాడేవాడు. అతను క్రొయేషియాలో పుట్టి, కమ్యూనిస్టు యుగోస్లావియాని వదిలి వచ్చినవాడు. తను ఏ వ్యవస్థ నుంచి బయటపడ్డాడో దాని పాట పాడి పొట్ట పోసుకున్నాడు.

1987లో ఇంకో సంగతి జరిగింది. జెండా పట్టుకుని 'యూఎస్ఏ' అని అరిపించే జిమ్ డగన్, ఐరన్ షేక్ ఇద్దరూ ఒకే కారులో వెళ్తూ న్యూజెర్సీలో పోలీసులకి దొరికారు. మత్తు పదార్థాలున్నాయన్నది కేసు. కానీ రెజ్లింగ్ లోకం ఎక్కువగా కంగారుపడింది ఇంకో విషయానికి. రింగ్‌లో ప్రాణశత్రువులు రోడ్డు మీద స్నేహితుల్లా కలిసి ప్రయాణించారని అందరికీ తెలిసిపోయింది. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. కేఫేబ్ అంటే అదీ, ఆటని బయట కూడా నిజమే అని నమ్మించాలనే కట్టుబాటు. నీ నవలలో ఆ కారు ఎక్కడా లేదు. రెండు మ్యాచ్‌ల మధ్య వందల మైళ్లు, పక్కసీట్లో 'శత్రువు' నిద్రపోతుంటాడు. ఎనిమిదో అధ్యాయానికి ముందు ఆ రాత్రి ఒకటి రాయి.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. నీ వయసులో ఒక నాటకం రాశాను. విలన్ అవతలి దేశం వాడు. వాడికి నాలుగు బూతు డైలాగులు, ఒక పెద్ద నవ్వు ఇచ్చాను. ప్రదర్శన అదిరిపోయింది. ఆట అయ్యాక ఆ వేషం వేసిన నటుడు మేకప్ కడుక్కుని వెనక గుమ్మం నుంచి బయటికొస్తుంటే ఎవరో రాయి విసిరారు. కనుబొమ్మ చీలింది, మూడు కుట్లు పడ్డాయి. అతను తువ్వాలు అదుముకుని, "మాస్టారూ, పాత్ర పండింది" అన్నాడు. సంబరంగా అన్నాడు. ఆ తువ్వాలు ఎర్రబడుతుంటే నాకు కాళ్లు వణికాయి. ఆ రాయి నా పేరు మీద రావాల్సింది. జనానికి నేను ద్వేషం అందించాను, దాన్ని దించుకోవడానికి మాత్రం ఆ ఒక్క మొహమే చూపించాను. ఆ నాటకం మళ్లీ వేయనివ్వలేదు.

అందుకే సార్జెంట్ స్లాటర్ కథ చదివినప్పుడల్లా నాకు ఆ తువ్వాలే గుర్తొస్తుంది. ఎనభైల్లో అతను అమెరికన్ సైనికుడి వేషంలో పిల్లల హీరో, బొమ్మగా కూడా అమ్ముడుపోయాడు. 1990లో గల్ఫ్ సంక్షోభం రాగానే అతన్ని ఇరాక్ అభిమానిగా మార్చారు. పక్కన జనరల్ అద్నాన్, అతను నిజంగానే ఇరాక్‌లో పుట్టినవాడు. 1991 జనవరి 17న యుద్ధం మొదలైంది, 19న స్లాటర్ ఛాంపియన్ అయ్యాడు. జెండాని తగలబెట్టమంటే తను ఒప్పుకోలేదని, దాని బదులు హోగన్ టీషర్టు తగలబెట్టానని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. చంపుతామని బెదిరింపులు వచ్చాయనీ, బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా తొడుక్కుని తిరిగాననీ కూడా చెప్పాడు. రాసినవాళ్లు ఎవరూ ఆ చొక్కా తొడుక్కోలేదు.

కథగా చూసినా అది నిలబడలేదు. ఆ కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద పోటీ రెసిల్‌మేనియా మార్చి 24న. యుద్ధం ఫిబ్రవరి 28కే ఆగిపోయింది. లాస్ ఏంజెలిస్‌లో పెద్ద స్టేడియం అనుకున్నది పక్కనున్న చిన్న హాలుకి మారింది. భద్రత కోసమని కంపెనీ చెప్పింది, టికెట్లు అమ్ముడుపోలేదని చాలామంది అన్నారు. హోగన్ గెలిచేసరికి శత్రువే మిగల్లేదు. వార్తల నుంచి అరువు తెచ్చుకున్న కోపం వార్తతో పాటే వెళ్లిపోతుంది.

ఇక నేను నీకు నిజంగా చూపించాలనుకున్నది కెనడా వస్తాదు బ్రెట్ హార్ట్‌ని. 1997 మార్చి 23, రెసిల్‌మేనియా 13. అప్పటిదాకా బ్రెట్ హీరో, స్టీవ్ ఆస్టిన్ విలన్. బ్రెట్ షార్ప్‌షూటర్ పట్టు వేశాడు, కాళ్లు మెలిపెట్టి నడుం వెనక్కి వంచే పట్టు అది. ఆస్టిన్ నుదుటి నెత్తురు ముక్కు మీదుగా పళ్ల మధ్యకి కారుతోంది, అరుస్తున్నాడు, కానీ చేత్తో నేలని తట్టి ఓటమి ఒప్పుకోవడం లేదు. చివరికి స్పృహ తప్పి పడిపోయాడు. మ్యాచ్ ఆగింది. అక్కడితో వదిలేస్తే బ్రెట్ ఇంకా హీరోనే. వదల్లేదు, పడిపోయినవాణ్ణి మళ్లీ కొట్టాడు. రిఫరీ కెన్ షామ్‌రాక్ నడుం పట్టి లాగేయాల్సి వచ్చింది. జనం బ్రెట్‌ని ఛీ కొట్టారు. ఆస్టిన్ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తూలుతూ నడిచి వెళ్తుంటే అతని పేరు మోగిపోయింది. ఎవరూ మైకు పట్టుకుని ఒక్క మాట అనలేదు, ఎవరి చేతిలోనూ జెండా లేదు. ఇద్దరు మనుషులు స్థానాలు మార్చుకున్నారు.

జెండా ఆ తర్వాత వచ్చింది. మర్యాదగా ఉన్నన్నాళ్లూ నన్ను వదిలేసి, నోటికొచ్చినట్టు తిట్టేవాడికి చప్పట్లు కొట్టారు కదా అన్నది బ్రెట్ గోడు. అందులో నిజముంది, అందుకే అమెరికా జనానికి అంత మండింది. అదే మనిషి అవే మాటలు కెనడాలో అంటే హాలు కన్నీళ్లు పెట్టుకునేది. జులై 6న అతని సొంతూరు కాల్గరీలో మ్యాచ్ జరిగితే, అమెరికాలో దేవుడైన ఆస్టిన్‌కి ఛీత్కారాలు, బ్రెట్ కుటుంబానికి నీరాజనాలు. ముసలి తల్లిదండ్రులు రింగ్ పక్కన కూర్చున్నారు, చివర్లో కుటుంబమంతా రింగ్‌లోకి ఎక్కింది. సరిహద్దుకి అటు విలన్, ఇటు బిడ్డ. ఆ కథలో ఎవరూ ఎవరి దేశాన్నీ అవమానించడానికి పుట్టలేదు. ఒక మనిషికి దెబ్బ తగిలింది, ఆ దెబ్బ పెరిగి దేశమంత అయింది. నువ్వు దేశంతో మొదలుపెట్టి మనిషిని మర్చిపోయావు.

నిజమైన గోడు చేతికి దొరికీ పాడుచేసుకున్న కథ కూడా ఉంది. 2004 చివర్లో ముహమ్మద్ హసన్ అనే పాత్ర వచ్చింది. ఆ వేషం వేసిన మార్క్ కొపానీ ఇటాలియన్ మూలాల అమెరికన్. మొదట్లో ఆ పాత్ర అడిగింది ఒక్కటే: నేను ఇక్కడే పుట్టాను, సెప్టెంబర్ 11 తర్వాత నన్నెందుకు అనుమానంగా చూస్తున్నారు? ఎంత మంచి ప్రశ్న! దానికి జవాబు చెప్పలేక జనం తిడుతుంటే, రాసేవాళ్లకి ఆ కోపం చాల్లేదు. 2005 జులై 4న రికార్డు చేసిన ఎపిసోడ్‌లో హసన్ ప్రార్థన చేస్తున్నట్టు మోకరిల్లుతాడు. ముసుగులు వేసుకున్నవాళ్లు వచ్చి అండర్‌టేకర్ అనే వస్తాదు గొంతుకి తీగ బిగిస్తారు. హసన్ క్యామెల్ క్లచ్ వేస్తాడు, అవును, షేక్ పట్టే. అంతకుముందే అండర్‌టేకర్ చేతిలో ఓడిపోయిన హసన్ అనుచరుణ్ణి ఆ ముసుగువాళ్లు అమరుడిలా తలల మీద ఎత్తుకుపోతారు. అది ప్రసారమైంది జులై 7న. ఆ రోజు పొద్దున్నే లండన్‌లో బాంబులు పేలాయి. ఛానల్ ఆ పాత్ర ఇక వద్దంది. అదే నెల 24న అండర్‌టేకర్ చేతిలో హసన్ కథ ముగించారు. కొపానీ ఆ రంగం వదిలి, తర్వాత బడిలో పాఠాలు చెప్పుకున్నాడు. నన్ను అనుమానించకండి అన్నవాణ్ణి, అనుమానం నిజమే అన్నట్టు రాసేశారు. నాకు కోపం వచ్చేది అక్కడ. బాంబులు పేలకపోయినా అది తప్పు కథే.

మనకి దగ్గరగా తెలిసిన జిందర్ మహల్ సంగతి కూడా ఆలోచించు. అతను కాల్గరీలో పుట్టిన పంజాబీ. 2017 మేలో ఛాంపియన్‌ని చేశారు, భారత్‌లో ప్రేక్షకులు పెరగాలన్న లెక్కతో. కానీ అమెరికాలో అతన్ని పంజాబీ మాట్లాడే విదేశీ విలన్‌గానే నిలబెట్టారు. ఒక భాష వినిపించగానే తిట్టాలని జనానికి నేర్పితే, ఆ భాష ఇంట్లో మాట్లాడుకునే పిల్లలు కూడా ఆ హాల్లో కూర్చుని ఉంటారు.

రాజకీయాల గురించి నువ్వు అడిగావు, కథలో రాజకీయ నాయకుణ్ణి పెట్టవచ్చా అని. పెట్టు. జెస్సీ వెంచురా రింగ్ నుంచి వెళ్లి 1998లో మిన్నెసోటా గవర్నర్‌గా గెలిచాడు. ట్రంప్ 2007లో రెసిల్‌మేనియాలో ఆ కంపెనీ అధిపతి విన్స్ మెక్‌మాన్ తల గొరిగాడు, తర్వాత అధ్యక్షుడయ్యాడు. 2024లో హోగన్ రిపబ్లికన్ల సభ వేదిక మీద, రింగ్‌లో చేసినట్టే చొక్కా చింపుకున్నాడు. వేషాలు గుమ్మం దాటి బయటికి నడుస్తాయి. ఆ నడకని రాయి, పార్టీ పేరు రాయకపోయినా పాఠకుడు పట్టుకుంటాడు.

సరే, నీ ఎనిమిదో అధ్యాయం. జోరు తగ్గించమని నేను అనను. జనం అరవాలి. దేశం మీద ప్రేమ సిగ్గుపడాల్సిన విషయం కాదు, నీ హీరోకి అది ఉండనీ. కానీ ఆ రెండోవాడు మైకు పట్టుకుని చెప్పే మాటల్లో ఒక్కటైనా హీరోకి రాత్రి నిద్ర పట్టనివ్వని మాట ఉండాలి. ఆ జెండా వాడి సంచిలోకి ఎలా వచ్చిందో నీకు తెలియాలి. సొంతదా, లేక ఆఫీసులో ఎవరో చేతికిచ్చి ఊపమన్నారా? మ్యాచ్ అయ్యాక ఐసు ముక్కలు మోకాలికి అదుముకుని ఇంటికి ఫోన్ చేస్తాడు కదా, అవతల ఎత్తింది ఎవరు? ఆ రోజు టీవీలో తిట్లన్నీ వాళ్లు విన్నారా?

మిగతా తొమ్మిది అధ్యాయాల్లో చిన్న చిన్న దిద్దుబాట్లు అంచుల్లో పెన్సిల్‌తో రాశాను, అవి తీరిగ్గా చూసుకోవచ్చు. ముందు ఆ ఫోన్ కాల్ ఒక్కటీ రాసి పంపు, రెండు పేజీలైనా చాలు. అవతలివాళ్లు వాణ్ణి పేరు పెట్టి పిలుస్తారు కాబట్టి, ఆ పేరేమిటో నాకూ తెలుస్తుంది.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య