టపాసు ముందా, చికెన్ ముక్క ముందా?

పాఠకుల ప్రశ్నలు – మనస్తత్వ నిపుణుల జవాబులు

ప్రశ్న: మా కుక్కకు మూడేళ్లు. దీపావళి వచ్చిందంటే మంచం కింద దూరి వణుకుతుంది, తిండి ముట్టదు. అలవాటు చేద్దామని నిరుడు చికెన్ గిన్నె చూపిస్తూ ఫోన్‌లో టపాసుల చప్పుడు పెట్టాం. ఇప్పుడు ఆ గిన్నె తీస్తే చాలు పారిపోతోంది. ఎక్కడ తప్పు చేశాం?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వరస తారుమారైంది. గిన్నె ముందు కనిపించి, వెనకాలే టపాసు పేలితే కుక్కకు అర్థమయ్యేది ఒక్కటే: గిన్నె వచ్చిందంటే చప్పుడు వస్తుందని. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల్లో కుక్కలకు నోరూరింది మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) టిక్కుమన్నాక తిండి వచ్చింది కాబట్టి. మీరూ అదే వరస పాటించాలి. ముందు చప్పుడు, ఒక్క సెకను ఆగి ముక్క. చప్పుడు ఆగిందా, ముక్కలూ ఆగిపోవాలి.

పాత గిన్నె పక్కన పెట్టేయండి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ని శనగ గింజంత ముక్కలు చేసి జేబులోనో సంచిలోనో పెట్టుకోండి. ఈ ముక్కలు మామూలు తిండిలో దొరకకూడదు, చప్పుడు వెంటే రావాలి. రికార్డింగ్‌ని ఎంత చిన్నగా పెట్టాలంటే, కుక్క చెవి ఒకసారి కదిలి మళ్లీ మామూలైపోవాలి. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు. చప్పుడు వినగానే భయపడకుండా ముక్క కోసం మీ చేతి వైపు చూడటం మొదలుపెట్టిందంటే పాఠం ఎక్కుతున్నట్టు. అలా రెండు మూడు రోజులు నిలకడగా చూస్తేనే శబ్దం ఒక్క గీత పెంచండి.

తొందరపడితే మొదటికే మోసం. నిద్ర రాకపోయినా ఆవలించడం, పెదాలు నాక్కోవడం, చెవులు వెనక్కి వాల్చడం, తోక ముడుచుకోవడం, ఇవన్నీ శబ్దం ఎక్కువైందనడానికి గుర్తులు. ముక్క పెట్టినా తినకపోతే ఇంకా స్పష్టం. వెంటనే రెండు గీతలు తగ్గించండి. ఇంకో సంగతి: లక్ష్మీబాంబు పేలినప్పుడు గుండెల్లో తగిలే ఆ అదురు ఫోన్ స్పీకర్‌లో రాదు. ఫోన్‌తో మొదలుపెట్టినా, తర్వాత పెద్ద స్పీకర్‌కు మారాలి.

దీనికి కనీసం రెండు మూడు నెలలు పడుతుంది. అంటే వినాయక చవితి దాకా ఆగితే ఆలస్యమే. పైగా చవితి ఊరేగింపుల్లోనూ టపాసులు పేలుతాయి. సాధన జరుగుతున్న రోజుల్లో అసలు పేలుడు చెవిన పడితే ఇన్నాళ్ల శ్రమా వెనక్కి పోతుంది. అలాంటి రాత్రుల్లో తలుపులు, కిటికీలు వేసి, పరదాలు దించి, ఫ్యానూ టీవీ నడుస్తున్న గదిలో ఉంచండి. బయట తిప్పే పని చీకటి పడకముందే ముగించండి. భయం మరీ తీవ్రమైతే పశువైద్యుణ్ని ముందుగానే కలవండి, మందులు ఉన్నాయి.

వణుకుతుంటే దగ్గరికి తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. తప్పకుండా తీసుకోండి. ఓదారిస్తే భయం ముదురుతుందన్న మాట నిజం కాదు. భయం అది కావాలని చేసే పని కాదు కదా.

ఇంత చేసినా మరుసటి ఏడాది భయం తిరిగి రావచ్చు. దీన్ని పావ్లోవే గమనించారు. తిండి ఇవ్వకుండా మెట్రోనోమ్ మోగిస్తూ పోతే నోరూరడం ఆగిపోయింది, కానీ కొంత విరామం ఇచ్చి మోగిస్తే మళ్లీ ఊరింది. పాత పాఠం చెరిగిపోదు. మెదడులో భయం ముద్ర పడే ముఖ్యమైన చోటు అమిగ్డాలా. మన సాధన ఆ ముద్ర మీద ‘ఇప్పుడు ప్రమాదం లేదు’ అన్న కొత్త పాఠాన్ని పరుస్తుంది. ఆ కొత్త పాఠాన్ని నిలబెట్టడంలో నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పాత్ర పెద్దది. చిక్కేమిటంటే, ఈ రెండో పాఠం నేర్చుకున్న చోటికి అంటిపెట్టుకుంటుంది. హాల్లో నేర్చుకున్నది డాబా మీద పనిచేయకపోవచ్చు. అందుకే పడకగదిలో, వరండాలో, పగలూ రాత్రీ, ఇంట్లోవాళ్లు తలా ఒకసారి చేయించాలి. ఏడాది పొడవునా నెలకు రెండుసార్లయినా తిరగవేయండి.

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబు ఫోన్ లేందే ముద్ద మింగడు. మూడు రోజులు ఫోన్ ఆపాం. ఏడుపు తగ్గకపోగా పెరిగింది. నాలుగో రోజు మా అత్తయ్యగారు చూడలేక ఇచ్చేశారు. ఇప్పుడు అంతకుముందుకన్నా మొండికేస్తున్నాడు.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఏడుపు పెరగడం మీ పద్ధతి తప్పనడానికి గుర్తు కాదు. రోజూ అందేది ఒక్కసారిగా ఆగితే, ఆగిపోయే ముందు ఆ ప్రవర్తన ఇంకా ఉధృతం కావచ్చు. స్విచ్ వేసినా బల్బు వెలగకపోతే మనమూ నాలుగుసార్లు టకటకా నొక్కుతాం. నాలుగో రోజు ఫోన్ సరిగ్గా ఆ ఉధృతిలో చేతికొచ్చింది. ఎంత గట్టిగా ఏడిస్తే దొరుకుతుందో బాబుకు లెక్క తెలిసింది. అప్పుడప్పుడూ మాత్రమే దొరికేదాని కోసం చేసే ప్రయత్నం, ఎప్పుడూ దొరికేదానికోసం చేసే ప్రయత్నంకన్నా మొండిగా నిలుస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగాల్లో పావురాలూ ఎలుకలూ ఇలాగే ప్రవర్తించాయి. వారానికి ఒక్కసారి ఇవ్వడం రోజూ ఇవ్వడంకన్నా మేలనుకోకండి.

మెదడు వైపు నుంచి చూస్తే, నాడీశాస్త్రవేత్త వుల్‌ఫ్రామ్ షుల్ట్‌జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో అనుకోకుండా పళ్లరసం అందినప్పుడు డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే మెదడు కణాలు చురుగ్గా స్పందించాయి. అలవాటయ్యాక రసానికి కాదు, రసం వస్తుందని చెప్పే సంకేతానికి స్పందించాయి. సంకేతం వచ్చి రసం రాకపోతే, రావాల్సిన క్షణానికి వాటి చురుకు పడిపోయింది. మీ బాబుకు కంచమే ఆ సంకేతం. కాబట్టి కంచాన్ని, చోటును మార్చండి. సోఫా మానేసి అందరితో కలిపి కింద కూర్చోబెట్టండి.

ముందు ఇంట్లో అందరూ ఒక మాట మీదికి రావాలి. అత్తయ్యగారికి ఇలా చెప్పండి: ‘ఏడుపు రెండు మూడు రోజులు పెరుగుతుందత్తయ్యా, ఆ తర్వాత దిగుతుంది. మధ్యలో ఇవ్వొద్దు.’ పెరుగుతుందని ముందే తెలిస్తే ఆవిడకీ తట్టుకోవడం తేలిక. భోజనానికి రెండు గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్లు వద్దు. పెద్దల ఫోన్లూ ఇంకో గదిలో ఉండాలి. ఫోన్ లేకుండా మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న ఆ క్షణానే మెచ్చుకోండి, కథలో ఒక ముక్క చెప్పండి. భోజనమయ్యాక మెచ్చుకుంటే దేనికో వాడికి తెలియదు. అరగంట దాటితే కోప్పడకుండా కంచం తీసేయండి. బరువు తగ్గుతున్నా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా ఇవన్నీ ఆపి పిల్లల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: డీఎస్సీకి చదువుతున్నాను. రుణాత్మక పునర్బలనం, శిక్ష ఒకటేనా?
– ఒక అభ్యర్థి, అనంతపురం

జవాబు: కాదు. ప్రవర్తన పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష. ‘రుణాత్మక’ అంటే చెడ్డది అని కాదు, ఏదో తొలగిందని; ‘ధనాత్మక’ అంటే ఏదో అందిందని. పై ప్రశ్నలోనే ఉదాహరణ ఉంది: ఫోన్ ఇవ్వగానే ఏడుపు ఆగింది, కాబట్టి అత్తయ్యగారు మళ్లీ ఇచ్చే అవకాశం పెరిగింది. ఇది ఆవిడకు రుణాత్మక పునర్బలనం, బాబుకు ధనాత్మక పునర్బలనం. రేపు బడిలోనూ ఇది అక్కరకొస్తుంది. పైకి చదవమన్న ప్రతిసారీ అల్లరి చేసే పిల్లవాణ్ని బయట నిలబెట్టారనుకోండి. అల్లరి పెరుగుతుంటే మీరిచ్చింది శిక్ష కాదు, చదవడం తప్పించారు. వాడికి చదవడంలో ఎక్కడ కష్టమవుతోందో చూడాలి.

ప్రశ్న: గుత్తివంకాయ తిన్న రాత్రే వైరల్ జ్వరంతో వాంతులయ్యాయి. తప్పు కూరది కాదని తెలుసు. మూడేళ్లయినా వాసన పడటం లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రుచికీ వికారానికీ మధ్య గంటల ఎడం ఉన్నా, ఒక్కసారి చాలు, మెదడు ఆ రెంటినీ ముడేస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త జాన్ గార్సియా ఎలుకల్లో దీన్ని చూపించారు. 1966లో ప్రచురించిన ప్రయోగంలో, జబ్బుపడ్డ ఎలుకలు నీటికి కలిపిన రుచిని తప్పించుకున్నాయి కానీ తాగేటప్పుడు వచ్చిన వెలుగునూ చప్పుడునూ పట్టించుకోలేదు. విషం నుంచి కాపాడే ఏర్పాటిది, మీ తర్కాన్ని అడగదు. బాగా ఆకలిగా ఉన్నప్పుడు, వేరే మసాలాతో, వంకాయ వేపుడుగానో పచ్చడిగానో, ఒక చెంచాతో మొదలుపెట్టండి. వికారం రాకముందే ఆపండి.

ఇంట్లో ఎవరికైనా కీమోథెరపీ నడుస్తుంటే ఇదే సూత్రం ఉపయోగపడుతుంది. చికిత్స రోజున, దానికి ముందూ వెనకా వాళ్లకిష్టమైన వంటకాలు పెట్టకండి, వాటి మీదే విరక్తి పుడుతుంది. డాక్టరు ఒప్పుకుంటే, ఎన్నడూ తినని ఘాటైన రుచి ఉన్న గట్టి చాక్లెట్ బిళ్ల ఒకటి చప్పరించమనండి. వికారం నింద ఆ బిళ్ల మీదికి పోయి, మామూలు భోజనం మీద విరక్తి తగ్గినట్టు పిల్లల్లో చేసిన అధ్యయనంలో తేలింది.