కేక్ మ్యాప్ తినేశాం, పాఠం మాత్రం గుర్తులేదు

ప్రశ్న: మేడమ్, మా పాప ఐదో క్లాసు. జాగ్రఫీ బోర్ అంటోందని ఆదివారమంతా కూర్చుని కేక్ మీద ప్రపంచపటం వేశాం, రంగురంగుల క్రీమ్‌తో ఏడు ఖండాలూ పెట్టాం, ఫొటోలు దిగాం, తినేశాం. మర్నాడు ఆఫ్రికా ఏదే అనడిగితే "పచ్చ క్రీమ్‌ది" అంది! ఇలాంటివన్నీ టైమ్ వేస్టేనా?

జవాబు: వేస్ట్ కాదండీ, కాకపోతే అది డ్రాయింగ్ క్లాసు అయింది. క్రీమ్ ఏ రంగు పూసినా కేక్ కేకే కదా. మనం తినే వస్తువు కాసేపు భూమిలా ప్రవర్తించాలి, అప్పుడే పిల్లలకి డౌట్లు వస్తాయి.

ముందు ఒక కమలాపండు ఇవ్వండి. తొక్క మీద పెన్నుతో ఖండాలు గీయమనండి, వంకరగా వచ్చినా పర్లేదు, తర్వాత తొక్కని ఒకే ముక్కగా ఒలిచి చిరగకుండా బల్ల మీద చదునుగా పరచమనండి. చచ్చినా పరుచుకోదు! అప్పుడు గోడ మీద మ్యాప్ చూపించి మరి దీన్నెలా పరిచారే అని అడగండి. సాగదీశారు, అంతే. 1569లో మ్యాప్‌లు గీసే మెర్కేటర్ అనే ఆయన వేసిన పద్ధతిలో ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ సాగిపోతుంది, అందుకే గ్రీన్‌ల్యాండ్ ఆఫ్రికాకి పోటీగా కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. ఇంకోటి, భూమి 8 సెంటీమీటర్ల కమలాపండంత అయితే 8,849 మీటర్ల ఎవరెస్ట్ కాగితం మందంలో సగం ఉంటుంది. ఇది వినగానే పెద్దవాళ్లు కూడా తొక్క తడిమి చూస్తారు, నేనూ చూశాను.

తర్వాత ప్లేట్లో మందంగా క్రీమ్ రాసి రెండు బిస్కెట్లు పక్కపక్కన పెట్టి నొక్కుతూ దూరం జరపండి, మధ్యలోంచి క్రీమ్ పైకొస్తుంది, అట్లాంటిక్ అడుగున జరిగేది దాదాపు ఇదే. ఇప్పుడు అంచుల్ని నీళ్లలో ముంచి ఎదురెదురుగా నెట్టండి, ముద్దలా పైకి లేస్తుంది, అవే హిమాలయాలు. నిజం ప్లేట్లు, అంటే మన బిస్కెట్లలా భూమి పైన ఉండే పెద్ద రాతి పలకలు, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే కదుల్తాయి, మన గోళ్లు పెరిగినంత. ఒక్క అబద్ధం మాత్రం సరిదిద్దండి, కింద ఉన్నది క్రీమ్‌లా ద్రవం కాదు, రాయే, లక్షల ఏళ్లలో మెల్లగా పారుతుంది. లేకపోతే కాళ్ల కింద అంతా లావా అనుకుని రాత్రి నిద్రపోదు.

ఓపికుంటే ఉడికించిన బంగాళాదుంపని సగం కోసి, కోసిన వైపు కిందికి పెట్టి, అడ్డంగా పొరలు కోసి ఒక్కో దాని అంచు ఒకే కాగితం మీద ఒకదానిలో ఒకటి వచ్చేలా గీయించండి, కాంటూర్ గీతలు, అంటే మ్యాప్‌లో ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, అర్థమైపోతాయి.

ప్రతిసారీ ముక్క నోట్లోకి వెళ్లేముందే ఏమవుతుందో ఊహించమనండి, తిన్నాక అడిగితే ఎవరూ వినరు. పెన్ను గీసిన తొక్క చెత్తబుట్టలోకే, తొనలు మాత్రం పాపవి.