తోలు సీట్లని చెప్పి రెగ్జిన్ వేస్తే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన కాంటెస్సా కారు ఆయన పోయాక ఇంట్లో ఉండిపోయింది. 1960ల నాటి కోబ్రా స్పోర్ట్స్ కారంటే నాకు చిన్నప్పటి నుంచి పిచ్చి. కాంటెస్సా ఇంజను, గేర్‌బాక్సు, వెనుక ఇరుసు తీసి, ఇనుప గొట్టాలతో కొత్త ఫ్రేము వెల్డింగ్ చేయించి, పైన ఫైబర్ బాడీ వేసి ఇంటి వెనుక రేకుల షెడ్డులో కోబ్రా నమూనా తయారు చేసుకున్నాను. సీట్లు, డ్యాష్‌బోర్డు, డోర్ ప్యాడ్‌లు, కార్పెట్ పని నాకు రాదు కాబట్టి ఒక వర్క్‌షాపుకు ఇచ్చాను. ఒప్పుకొన్నది 2 లక్షల 60 వేలు. నేనిచ్చింది 2 లక్షలు, అందులో 80 వేలు నగదు. 2024 మే 11న కారు ఇంటికి వచ్చింది. ఆ వేసవిలోనే కార్పెట్ ఊడిపోయింది, డ్రైవరు సీటు కదలడం మొదలుపెట్టింది. నిరుడు సీటు కుట్లు విడిపోతే లోపల గుడ్డ కనిపించింది. ముక్క కోసి కాల్చి చూస్తే ప్లాస్టిక్ వాసన వచ్చింది. తోలు అని చెప్పి రెగ్జిన్ వేశారు. అడిగితే సంక్రాంతి తర్వాత, ఉగాది తర్వాత అంటూ తిప్పారు. ఇప్పుడు ‘రిజిస్ట్రేషన్ లేని కారు, ఏ కోర్టుకు వెళ్తారో వెళ్ళండి’ అంటున్నారు. అది నాన్నగారి గుర్తు. నిద్ర పట్టడం లేదు. చీటింగ్ కేసు పెట్టవచ్చా? మనోవేదనకు 10 లక్షలు అడగవచ్చా? లోపలిదంతా పీకించి వేరేవారితో చేయించుకుని ఆ ఖర్చు రాబట్టవచ్చా? కాంటెస్సా చాసిస్ నంబరును కొత్త ఫ్రేము మీద కొట్టించి పాత ఆర్సీతోనే తిప్పుకోవచ్చని ఒక ఏజెంటు 60 వేలు అడుగుతున్నాడు. వింటేజ్ కారుగా నమోదు చేయించవచ్చని మరొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు ఆ పీకించే పని ఆపండి. ఇప్పటికే పనివారిని పిలిచి ఉంటే వెనక్కి పంపండి. మీ కేసుకు ఉన్న అసలు సాక్ష్యం ఆ సీట్లే. అవి తుక్కులోకి వెళ్ళాక వర్క్‌షాపువారు వేసింది తోలు కాదని ఎవరు చెప్పగలరు? ముక్క కాల్చి వాసన చూశానని అఫిడవిట్‌లో రాస్తే ఎదుటి వకీలు ఆ ఒక్క వాక్యంతోనే మిమ్మల్ని పది నిమిషాలు నిలబెడతారు. వాసన సాక్ష్యం కాదు. ఇంకో ముక్క కోయకండి, ఇంకోటి కాల్చకండి.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. నాన్నగారి గురించి రెండు పేజీలు, షెడ్డులో మీరు పడిన శ్రమ గురించి ఒకటిన్నర పేజీ. మీ కేసు వాటిలో లేదు. ఉత్తరానికి జతచేసిన వాట్సాప్ కాగితాల్లో మూడో దాని అడుగున ఉంది. 2023 డిసెంబరులో వర్క్‌షాపు యజమాని రెండు నమూనాల ఫోటోలు పంపి, ‘ఇది రెగ్జిన్, ఇది అసలు తోలు, తోలు అయితే 65 వేలు ఎక్కువ అవుతుంది’ అని రాశారు. మీరు ‘రెండోదే వేయండి’ అన్నారు. దీనిని మీరు ఉత్తరంలో ప్రస్తావించనే లేదు. ఎస్టిమేటు చీటీలో ‘సీటు పని, ప్రీమియం మెటీరియల్’ అని మాత్రమే ఉంది. ప్రీమియం అంటే ఏమైనా కావచ్చు, ఆ చీటీతో మీరు ఓడిపోతారు. ఈ సందేశంతో గెలిచే అవకాశం ఉంది. ఏ వస్తువు వేస్తామన్నారు, దానికి ఎంత ధర చెప్పారు, మీరు దేనికి ఒప్పుకొన్నారు అన్న మూడూ ఒకే చోట అతని మాటల్లోనే ఉన్నాయి.

ఇదే కాగితాల్లో మీకు ఎదురుతిరిగేది కూడా ఉంది. కారు ఇంటికి వచ్చిన సాయంత్రం మీరు ‘సీట్లు అద్భుతంగా ఉన్నాయి అన్నా, చాలా థాంక్స్’ అని రాసి దండం బొమ్మలు పెట్టారు. అవతలివారు మొట్టమొదట చూపించేది దాన్నే. పైకి చూసి మెచ్చుకున్నంత మాత్రాన లోపలి లోపాన్ని అంగీకరించినట్టు కాదని మనం వాదించవచ్చు. అయితే రెండు లక్షల పని చేయించుకుని, పరీక్షించకుండా, బిల్లు అడగకుండా, 80 వేలు నగదుగా చేతిలో పెట్టి రసీదు తీసుకోకుండా ఉండటాన్ని ఏమనాలి? ఫ్రేము వెల్డింగ్‌కు వాడిన ఎలక్ట్రోడ్ల రసీదులు కూడా దాచుకున్నానని రాశారు. ఆ జాగ్రత్తలో పదో వంతు ఇక్కడ చూపించి ఉంటే సరిపోయేది. ‘మొత్తం రెండు లక్షలు ముట్టాయి, మిగతా అరవై ఎప్పుడు’ అని అతను పంపిన వాయిస్ సందేశం ఒకటి మీ ఫోనులో ఉందన్నారు. నగదు చెల్లింపుకు ఆధారం అదొక్కటే. ఆ ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి, రిపేరుకు ఇవ్వకండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మరోచోట కూడా భద్రపరచండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. దానిలో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. మీరు వెళ్ళాల్సింది వినియోగదారుల కమిషన్‌కు. ఆ కమిషన్లు సాక్ష్య చట్టాన్ని కోర్టులంత కఠినంగా పట్టించుకోవు, నిజమే. అయినా ఆ లోటు ఎదుటివారికి ఎందుకు ఇవ్వాలి?

ఇక తేదీ. మీరు రాసింది 2026 మార్చిలో. వినియోగదారుల రక్షణ చట్టం–2019 సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన ఘటన, పుట్టిన రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. కుట్లు విడిపోయి గుడ్డ కనిపించిన రోజు నుంచి లెక్కపెట్టాలని వాదించవచ్చు. దాన్ని రెండో రక్షణగా ఉంచుకోండి. లెక్క మాత్రం కారు చేతికి వచ్చిన 2024 మే 11 నుంచే వేసుకోండి. రెండేళ్లు నిండే 2026 మే 10 ఆదివారం, ముందు రోజు రెండో శనివారం. కాబట్టి మే 8 శుక్రవారమే ఆఖరి రోజనుకుని పని మొదలుపెట్టండి. సంక్రాంతి, ఉగాది అంటూ నోటితో చెప్పిన వాయిదాలు గడువును ఒక్క రోజు కూడా పెంచవు. లీగల్ నోటీసు ఇచ్చినా గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు అదే సెక్షన్‌లో ఉంది కానీ, ‘చేస్తానన్నాడు, నమ్మాను’ అన్నది చాలాసార్లు సరిపోయిన కారణంగా నిలవదు.

అవతలివారి పరిస్థితి వేరు. మీరు ఆపిన 60 వేల కోసం అతను సివిల్ దావా వేయాలంటే, చేసిన పనికి ప్రతిఫలం రాబట్టుకోవడానికి కాలపరిమితి చట్టం మూడేళ్లు ఇస్తుంది. అంటే మీ దారి మూసుకుపోయాక కూడా అతనికి ఏడాది మిగిలి ఉంటుంది. అతను అంత నిదానంగా తిప్పుతున్నది ఇందుకేనేమో నాకు తెలియదు. మీకు తెలియాల్సింది మాత్రం ఇదే. ఒప్పంద ఉల్లంఘన కింద సివిల్ కోర్టులో మీకూ మూడేళ్లు ఉన్నాయి. దానికి కోర్టు ఫీజు కట్టాలి, చాలా ఏళ్లు తిరగాలి. గతిలేనప్పుడు పట్టుకునే దారి అది.

‘రిజిస్ట్రేషన్ లేని కారు’ అన్న బెదిరింపు సంగతి చూద్దాం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 39 నిషేధించేది నమోదు కాని వాహనాన్ని నడపడాన్ని. సీట్లు కుట్టించుకోవడాన్ని కాదు. డబ్బు తీసుకుని సేవ చేసినవారు, ఆ సేవలో లోపం ఉంటే జవాబు చెప్పాల్సిందే. మీరు కారును పికప్ లారీ మీద పంపి, లారీ మీదే తెప్పించుకున్నారు. ఆ డ్రైవరుకు మే 11న ఫోను ద్వారా చెల్లించిన 4,500 రూపాయల వివరం బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటుంది. తీయించండి. కారు చేరిన తేదీకి అది రుజువు, వర్క్‌షాపుకు నడుపుకుంటూ వెళ్ళలేదనడానికి కూడా అదే రుజువు.

అయితే ఉప్పాడ బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున తిప్పానని అంత సంబరంగా రాశారే, అది నేరం. మొదటిసారి అయితే సెక్షన్ 192 కింద 2 వేల నుంచి 5 వేల వరకు జరిమానా. మళ్ళీ దొరికితే ఏడాది వరకు జైలు కూడా పడవచ్చు. జరిమానా చిన్న విషయం. ఆ కారుకు బీమా లేదు. ఎవరినైనా గుద్దితే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్ వేసే పరిహారం మీ ఇల్లు అమ్మి కట్టాలి. సెక్షన్ 39 ‘బహిరంగ స్థలంలో గానీ మరే ఇతర స్థలంలో గానీ’ అంటుంది కాబట్టి స్నేహితుడి తోటలో తిప్పుకుంటాననే ఆలోచన కూడా వద్దు.

ఇప్పుడు ఆ ఏజెంటు మాట. చాసిస్ నంబరు కొట్టించడం గురించి మీరు చాలా తేలికగా రాశారు. అది ఫోర్జరీ. మోసానికి ఉద్దేశించిన ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహితలో ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. పైగా మీరు చనిపోయిన తండ్రి పేరుతో ఉన్న ఆర్సీని, ఇప్పుడు లేని కారు నంబరును, వేరే ఫ్రేముకు అంటిస్తున్నారు. రేపు వినియోగదారుల కమిషన్ కారును పరిశీలించమని నిపుణుడిని పంపితే ఆయన మొదట చూసేది ఆ నంబరునే. సీట్ల కేసు వేసినవారు ముద్దాయిగా మారతారు, అవతలివారు హాయిగా చూస్తూ కూర్చుంటారు. 60 వేలు తీసుకున్న ఏజెంటు ఆ రోజు ఫోను ఎత్తడు. ఆ మనిషితో మాట్లాడిన సందేశాల్లో ‘సరే’ అనే మాట ఎక్కడా రాయకండి. ఒప్పుకోనని ఒక్క వాక్యం రాసి అక్కడితో వదిలేయండి.

సక్రమంగా నమోదు చేయించే దారి ఉందా అంటే, ఇంట్లో కట్టిన ఒక్క కారుకు మన దగ్గర ఆచరణలో లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 126వ నియమం ప్రకారం ప్రతి నమూనా గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదం పొందాలి. అది తయారీ కంపెనీల కోసం పెట్టిన ఏర్పాటు. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారును ఒంటరిగా పరీక్షించి రోడ్డెక్కించే విధానం ఉంది. మీరు చూసిన వీడియోలు బహుశా అక్కడివే. ఇక్కడ ఉన్న కారునే మార్చానని చెప్పుకుందామంటే, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని కె.జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం ఒక్కొక్క మార్పుకు 5 వేలు జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. వింటేజ్ అన్నది మరీ అన్యాయం. 2021 నియమాలు కోరేది 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను మారకుండా అసలు రూపంలో ఉన్న వాహనం. కాంటెస్సా 1984లో మొదలైన కారు, మీ ఫైబర్ బాడీ మొన్నటిది. పెళ్ళి ఫోటోషూట్లకు అద్దెకిస్తానని మీరు పెట్టిన ప్రకటన తీసేయండి. అది ఉన్నంతకాలం మీరు వ్యాపారం కోసం చేయించుకున్నారు కాబట్టి ‘వినియోగదారు’ కానే కారని అవతలివారు వాదిస్తారు. ఇప్పటికే చూసి ఉంటే దాచిపెట్టకుండా, అద్దెకు ఎప్పుడూ ఇవ్వలేదని అఫిడవిట్‌లో చెప్పాలి. స్టీరింగ్ మధ్యలో అతికించిన కోబ్రా కారు పాము గుర్తుకూ ఇదే వర్తిస్తుంది. మీ ఆనందానికి ఉంటే పెద్దగా పట్టదు, డబ్బు చేసుకుంటే ట్రేడ్‌మార్క్ సమస్య.

చీటింగ్ కేసు వద్దు. మోసం చేయాలన్న ఉద్దేశం ఒప్పందం నాడే ఉండాలని హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. నమూనాలు చూపి, ఐదు నెలలు పనిచేసి, కారు అప్పగించినవారి మీద ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడం కష్టం. స్టేషను చుట్టూ తిరిగేలోపు మే 8 దాటిపోతుంది.

చేయాల్సినవి చెబుతాను. ఈ వారమే స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి. అందులో తోలు సందేశం తేదీ, 65 వేల తేడా, ఊడిన కార్పెట్, కదిలే సీటు, ఈ నాలుగే ఉండాలి. నాన్నగారి గురించి వద్దు. ఈలోగా లైసెన్సు ఉన్న మోటారు సర్వేయరును (వాహన నష్టాన్ని అంచనా వేసే నిపుణుడిని) పిలిచి, ఫోటోలతో నివేదిక రాయించండి. ఆయన తప్పక చూడాల్సినవి రెండు. సీటు పట్టాల బోల్టులను కింద బలమైన ఇనుప పలక లేకుండా పలుచని రేకుకే వాషర్లతో బిగించారని మీరు రాశారు. అది రుజువైతే తోలు వివాదంతో పని లేకుండానే సేవాలోపం నిలుస్తుంది, ప్రాణాపాయం కూడా కాబట్టి. గేర్‌బాక్సు మీది కార్పెట్ కింద వేడిని ఆపే పొర వేశారా, నేరుగా జిగురుతో అతికించారా అన్నది రెండోది. ఇంజను వేడికి జిగురు కరిగి ఊడిందని ఆయన రాస్తే, ‘మీ వాడకం వల్లే పోయింది’ అన్న వాదన బలహీనపడుతుంది.

తోలా రెగ్జినా తేల్చే పని మీది కాదు, కమిషన్‌ది. ప్రయోగశాల పరీక్ష లేకుండా తేలని లోపమైతే నమూనా తీయించి, సీలు వేసి పంపే అధికారం సెక్షన్ 38 కింద దానికి ఉంది. నివేదికకు 45 రోజుల గడువు. చెన్నై అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు పంపాలని ఫిర్యాదుతో పాటే దరఖాస్తు పెట్టండి. ఖర్చు ముందు మీరే కట్టాలి. అసలు తోలు వెనుక పీచు ఉంటుంది, రెగ్జిన్ వెనుక నేత గుడ్డ. అయితే అది అక్కడివారు కాగితం మీద రాస్తేనే పనికొస్తుంది.

వర్క్‌షాపు ఏ జిల్లాలో ఉన్నా మీరుండే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ–జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. 65 వేల తేడా, కార్పెట్, సీటు బిగింపు మళ్ళీ చేయించడానికి ఇద్దరు వేర్వేరు పనివారి రాతపూర్వక అంచనాలు, వడ్డీ, సర్వేయరు ఫీజు, కేసు ఖర్చులు అడగండి. మనోవేదనకు 25 వేలు, మహా అయితే 50 వేలు. 10 లక్షలు రాస్తే సభ్యులు మిగతా అంకెలను కూడా అనుమానంగా చదువుతారు. ఆపిన 60 వేలు దాచకండి. మీకు రావలసిన దాంట్లో సర్దుబాటు చేయమని మీరే రాయండి.

మరొకటి మిగిలింది. కాంటెస్సా పాత బాడీని తుక్కు వ్యాపారికి అమ్మానన్నారు. చాసిస్ నంబరున్న ముక్క కోయించి తీసుకున్నారా? లేకపోతే ఆ నంబరు ఏ దొంగ కారు మీద తేలుతుందో చెప్పలేం. వాహనం పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలిపి ఆర్సీ అప్పగించాలని సెక్షన్ 55 చెబుతోంది. ఆలస్యమైంది, అయినా పర్వాలేదు. నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల ధ్రువీకరణ, తుక్కు అమ్మిన కాగితం జతచేసి ఆర్సీ రద్దుకు దరఖాస్తు పెట్టండి. ఆ రసీదు నకలు ఒకటి కమిషన్ ఫైలులో ఉంచండి.