బోర్డు పోయిందని చెప్పేముందు

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి,

కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో డీవీఆర్, అదే సీసీ కెమెరాల బొమ్మ రికార్డు చేసే బాక్సు, ఆన్ అవట్లేదని, లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందని ఓనరుకు చెప్పేశానని ఫోన్లో అన్నావు. ఇంకా కొత్తది ఆర్డర్ పెట్టలేదు కదా? పెట్టకు. బోర్డులు పోవని కాదు, కానీ అది ఆఖర్న చెప్పాల్సిన మాట. ముందు అనుమానించాల్సింది బాక్సుకు కరెంటిచ్చే ఆ నల్ల అడాప్టర్ని.

మీటర్ పెడితే 12 వోల్టులు చూపించిందన్నావు. పిన్ను బయటికి తీసి చూసుంటావు. లోపల కరెంటు నిలవచేసే కెపాసిటర్లు ఎండిపోయిన అడాప్టర్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12 చూపిస్తుంది. దాని బండారం లోడు పడ్డాకే బయటపడుతుంది. హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో అదొక్కటే 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. దాంతో వోల్టేజీ జారిపోయి బాక్సు ఆగిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. లైటు వెలిగి ఆరుతూ, లోపల టిక్కు టిక్కుమంటుంటే దాదాపుగా ఇదే. మూత తీసి, డిస్కుకు వెళ్ళే పసుపు వైరుకీ నల్ల వైరుకీ మధ్య, అన్నీ తగిలించి ఉండగానే కొలువు. లేదా మంచి అడాప్టర్ ఒకటి మార్చి చూడు. వోల్టులు అవే ఉండాలి, పిన్ను లోపలి వైపే ప్లస్ ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు గాని తగ్గకూడదు. పవర్ సప్లై బాక్సు లోపలే ఉండే పెద్ద మోడల్ అయితే మాత్రం చేతులు పెట్టకు. ప్లగ్గు పీకేశాక కూడా ఆ కెపాసిటర్లో 300 వోల్టుల పైన నిలవుండొచ్చు.

అడాప్టర్ బాగానే ఉందంటే మౌసు, నెట్ కేబులు, కెమెరా వైర్లు, డిస్కు అన్నీ పీకెయ్యి. కరెంటూ మానిటరూ మాత్రమే ఉంచు. షెడ్ల మీదుగా అంత పొడుగు కేబుళ్ళు లాగారు కదా, పిడుగుల రోజుల్లో ఏ కెమెరా లైన్లోంచి ఏం వస్తుందో చెప్పలేం. ఇలా పెట్టినప్పుడు డిస్కు లేదంటూ బీప్ కొడితే సంతోషించు, బోర్డు బతికే ఉంది. తర్వాత ఒక్కొక్కటే తగిలిస్తూ రా, డిస్కు చివర్న. అది పెట్టగానే లోగో దగ్గరే తిరుగుతుంటే దొంగ దొరికినట్టే. ఏళ్ళ తరబడి ఆగకుండా తిరిగిన డిస్కు ఒకసారి చల్లబడితే ఒక్కోసారి కూలబడ్డ ఎద్దులా మళ్ళీ లేవదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాత నా బల్ల మీదికి వచ్చినవాటిలో ఇలాంటివే ఎక్కువ.

ఇక్కడ జాగ్రత్త. డిస్కు సరిగా చదవలేకపోతే ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతుంది. ఓకే కొట్టకు. ఓనరుకు కావాల్సింది బాక్సు కాదు, అందులో రికార్డైంది. పాత ఫుటేజీ అవసరమా అని ముందే అడుగు. అవసరమంటే డిస్కు తీసి పేరు రాసి పక్కన పెట్టి, కొత్త డిస్కుతో పని నడిపించు. దాన్ని కంప్యూటర్‌కు తగిలించినా ఫార్మాట్ అనే అడగొచ్చు. డీవీఆర్ రాసే పద్ధతి విండోస్‌కు చాలాసార్లు అర్థం కాదు. అక్కడా క్యాన్సిలే.

లైట్లు వెలుగుతూ, ఫోన్ యాప్‌లో బొమ్మ వస్తూ, టీవీ మాత్రం నల్లగా ఉంటే అది వేరే కథ. రిజల్యూషన్ ఆ మానిటర్ తట్టుకోలేనిది పెట్టి ఉంటారు, వేరే మానిటర్ పెట్టి తగ్గించు. బటన్ సెల్ అయిపోతే సాధారణంగా తారీఖు తప్పుతుంది, అంతకు మించి దాని మీద అనుమానం పెట్టుకోకు.

మూత తీసినప్పుడు ఫ్యానుకేసి చూడు. జీడి పిక్కలు వేయించే చోట పొగలో జిగురుంటుంది, ధూళంతా దానికే అంటుకుంటుంది. బ్రష్షుతో తీసి, బాక్సును బట్టీ పక్కనుంచి ఆఫీసు గదిలోకి మార్పించు. ఓనరు కేబుల్ ఖర్చంటాడు, అయినా పట్టుబట్టు.

అడాప్టరే అని తేలితే దాని రేటు, నీ కూలీ తీసుకో, చాలు. బోర్డు బాగుందని నువ్వే వెళ్ళి చెప్పు. మీ అమ్మను నేను అడిగానని చెప్పు. డిస్కు లేకుండా బీప్ వచ్చిందో లేదో సాయంత్రం ఫోన్ చెయ్యి.

మీ మావయ్య