సోలార్ లీజు రిజిస్ట్రేషన్ ఆగితే ముందు 22ఏ చూడండి

ఉదయగిరి దగ్గర మీ 5 ఎకరాల పట్టా భూమిని సోలార్, బ్యాటరీ ప్రాజెక్టుకు లీజుకిస్తుంటే రిజిస్ట్రేషన్ కాలేదన్నారు కదా. మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడదని పెట్టిన భూముల జాబితాలో ఉండి ఉండొచ్చు.

1. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత ఆస్తుల పేజీ తెరిచి నంబరు కొట్టి చూడండి.

2. అందరూ దాటేసేది సబ్‌డివిజన్, అంటే సర్వే నంబరులో మీ భాగాన్ని విడగొట్టి వేరే నంబరు ఇవ్వడం. అదే నంబరులో పక్కవాళ్లది కాస్త అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) ఉన్నా, ఒక్కోసారి నంబరు మొత్తం జాబితాకెక్కుతుంది. మాకూ అంతే, గుట్ట వాలులో 2 ఎకరాల బీడు మా 7 ఎకరాలను ఆపేసింది. సబ్‌డివిజన్ కాకముందే అర్జీ పెడితే వెనక్కి పంపేశారు. సర్వేయరు కొలిచి, రాళ్లు పాతించి, మా భాగానికి వేరే నంబరు వచ్చాకే పని కదిలింది.

3. ఆ తర్వాత పాత పట్టా, ఆర్‌ఎస్‌ఆర్ (పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) జతచేసి 22ఏ నుంచి తొలగించమని అర్జీ ఇవ్వండి. రసీదు మర్చిపోవద్దు.

4. ఈలోగా బ్రోకరు నోటరీ చాలంటాడు, వినకండి. ఏడాది దాటిన లీజు రిజిస్టరు కావాల్సిందే.

అన్నట్టు, గడువు తీరాక పాత బ్యాటరీలు ఎవరు తీసుకెళ్లాలో కూడా లీజులోనే రాయించండి.