డిమెన్షియా, అల్జీమర్స్: రెండూ ఒకటేనా?

విశాఖలో ఉంటున్న 72 ఏళ్ల మీ అమ్మగారి చీటీ మీద ఒక డాక్టరు డిమెన్షియా అని, ఇంకో డాక్టరు అల్జీమర్స్ కావచ్చని రాశారు, ఎవరి మాట నమ్మాలని మీరు అడిగారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

డిమెన్షియా అనేది జ్వరం లాంటి మాట. జ్వరమని తెలిశాక ఊరుకోం కదా, మలేరియానా టైఫాయిడా అని రక్తం ఇచ్చి వస్తాం. అలాగే జ్ఞాపకం, మాట, లెక్క, దారి గుర్తుపట్టడం రోజువారీ పనులకు అడ్డొచ్చేంతగా తగ్గిపోతే ఆ స్థితిని డిమెన్షియా అంటారు. ఎందుకొచ్చిందో ఆ పేరు చెప్పదు. కారణాల్లో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 60–70 శాతం.

అల్జీమర్స్‌లో మెదడు కణాల మధ్య అమైలాయిడ్ అనే ప్రోటీను మచ్చల్లా పేరుకుంటుంది, కణాల లోపల టౌ అనే ప్రోటీను చిక్కులు పడుతుంది. ఈ మచ్చల్నీ చిక్కుల్నీ 1906లో జర్మన్ డాక్టరు అలోయిస్ అల్జీమర్ వివరించారు. కొత్త జ్ఞాపకాలను దాచే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం తొలి దశలోనే దెబ్బతింటుంది. అందుకే తన పెళ్లి భోజనాల్లో ఎవరు ఏ వరసలో కూర్చున్నారో చెప్పే మనిషి, కంచం తీసిన పది నిమిషాలకే "నాకు అన్నం పెట్టరా?" అంటుంది. అది మొండితనం కాదు, చాదస్తం అంతకంటే కాదు. ఆ భోజనం మెదడులో నిలవనే లేదు. "ఇప్పుడే తిన్నావుగా" అని వాదించకండి, కాస్త మజ్జిగ ఇచ్చి మాట మళ్లించండి.

బీపీ, షుగరు ఉన్నవాళ్లలో మెదడు రక్తనాళాలు మూసుకుపోయి వచ్చే డిమెన్షియా రకం వేరు. అందులో పరిస్థితి చాలాసార్లు మెట్లు దిగినట్టు ఒక్కసారిగా దిగజారి, కొన్నాళ్లు నిలిచి, మళ్లీ దిగజారుతుంది. పెద్ద వయసులో ఇదీ అల్జీమర్సూ కలిసి ఉండడం మామూలే. లేని మనుషులు, పిల్లలు కళ్లెదుట కనిపిస్తున్నారంటే లూయీ బాడీ అనే ఇంకో డిమెన్షియా రకమేమో చూడాలి. వాళ్లకు భ్రమలు తగ్గడానికి వాడే హాలోపెరిడాల్ లాంటి మందు ఇస్తే ఒళ్లు కర్రలా బిగుసుకుపోయి ప్రాణం మీదకు రావచ్చు. కారణం పేరు తెలుసుకోవాలని పట్టుబట్టేది ఇందుకే.

ఇంకో కారణమూ ఉంది: కొన్ని మతిమరుపులు తగ్గేవి. బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం, దిగులు జబ్బు, పడ్డాక తలలో గడ్డకట్టిన రక్తం, ఇవన్నీ డిమెన్షియాలాగే కనిపిస్తాయి. షుగరుకి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో కొందరికి బీ12 పడిపోతుంది, అయినా ఆ పరీక్ష రాయించుకునేవాళ్లు తక్కువ. మీరు అడిగి రాయించుకోండి. రక్తం మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల కంటే తక్కువుంటే సాధారణంగా లోపంగానే చూస్తారు.

రెండు రోజుల్లో హఠాత్తుగా అయోమయం వస్తే అది డిమెన్షియా ముదరడం అనుకుని ఇంట్లో కూర్చోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, రక్తంలో సోడియం అనే ఉప్పు పడిపోవడమో కావచ్చు. మన మే నెల ఉక్కపోతలో చెమటకు తోడు బీపీకి వేసే నీటిమాత్ర కూడా ఉంటే సోడియం మామూలు హద్దు 135 కిందికి జారడం కష్టమేమీ కాదు. అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లినా ప్రైవేటుకి వెళ్లినా న్యూరాలజీ ఓపీకి ఒక కాగితం పట్టుకెళ్లండి: మొదట ఏ పని తప్పింది, ఏ నెలలో, చారులో ఉప్పు రెండుసార్లు పడడమా, చిల్లర లెక్క తప్పడమా. మాత్రల అట్టలన్నీ, దగ్గు సిరప్పుతో సహా, ఒక కవర్లో వేయండి. కొన్ని అలర్జీ మాత్రలు జ్ఞాపకాన్ని ఇంకా మసకబారుస్తాయి. ఆమెతో రోజంతా ఉండే మనిషే వెంట రావాలి.

అల్జీమర్స్ అని తేలితే డోనెపెజిల్ అనే మాత్ర సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత 10కి పెంచుతారు. కొందరిలో లక్షణాలు కొంతకాలం నిలకడగా ఉంటాయి, జబ్బు ఆగదు. వాంతులు, పీడకలలు, నాడి నెమ్మదించడం కనిపిస్తే డాక్టరుకి చెప్పండి, మీరే ఆపేయకండి.

ఇంట్లోనే ఉండి "ఇంటికెళ్తాను" అనడం మొదలైతే ఆమె వెతుకుతున్నది పుట్టిల్లు కావచ్చు. ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్స్‌లో ఏ బస్సైనా ఎక్కేయవచ్చు. మెడలో బిళ్ల మీద మీ ఫోను నంబరు ఇప్పుడే చెక్కించండి. పెద్దవాళ్ల సహాయానికి ఎల్డర్‌లైన్ నంబరు 14567.